తుమ్మలపల్లె బోర్లలో యురేనియం అంకె ఒక్కటే చాలదు

సంపాదకులు గారికి,

వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని, మిల్లు చుట్టుపక్కల నీళ్ల గురించి వార్త వచ్చిన ప్రతిసారీ వాదన ఒక్కచోటే ఆగిపోతోంది. బోరు నీళ్లలో యురేనియం ఇంత ఉందని ఒకరంటారు. ఇక్కడి రాళ్లలోనే యురేనియం ఉంది, గని రాకముందు కూడా నీళ్లలో ఉండేదని ఇంకొకరంటారు. రెండూ నిజం కావచ్చు. కానీ రైతు అడిగే ప్రశ్న వేరు. టెయిలింగ్ పాండ్ (మిల్లు వ్యర్థపు బురదను నిలవ చేసే చెరువు) నీళ్లు నా బోరులోకి వస్తున్నాయా, లేదా? దీనికి తేల్చి జవాబు చెప్పే పద్ధతులు ఉన్నాయి. యురేనియం అంకె ఒక్కదానితో మాత్రం ఆ జవాబు రాదు. ఏం కొలవాలి, ఎలా కొలవాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది అన్నది కాస్త వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడవైనా పూర్తిగా అచ్చువేయమని మనవి.

ముందు పాండ్‌లో చేరేది ఏమిటో చూడాలి. తుమ్మలపల్లె ఖనిజం వేంపల్లె సున్నపురాతి పొరల్లో, అంటే డోలమైట్‌లో ఉంది. చాలా తక్కువ శాతం ఖనిజం ఇది. టన్ను రాయిలో యురేనియం ఆక్సైడ్ 400 నుంచి 500 గ్రాములు మాత్రమే. 2012లో మొదలైన మిల్లు సామర్థ్యం రోజుకు 3,000 టన్నులు. పూర్తిగా నడిచిన రోజున లోపలికి వెళ్లే 3,000 టన్నుల రాయిలో యురేనియం ఆక్సైడ్ టన్నున్నర దాటదు. అందులోనూ కొంత చేతికి రాకుండా పోతుంది. మిగిలిన రాతిపిండి దాదాపు మొత్తం బురదగా మారి పైపుల్లో కొట్టాల గ్రామం వైపు పాండ్‌కు వెళ్లాలి. 300 పనిదినాలకు లెక్క కడితే ఏడాదికి 9 లక్షల టన్నులు.

ఇక్కడ జాదుగూడ అనుభవాన్ని తెచ్చి పోల్చడం చాలామంది చేస్తున్న పని. అది సరికాదు. జార్ఖండ్‌లోని జాదుగూడలో 1960ల చివరి నుంచీ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో యురేనియం తీస్తున్నారు. తుమ్మలపల్లె రాయి సున్నపురాయి కాబట్టి యాసిడ్ పోస్తే రాయే యాసిడ్‌ను తాగేస్తుంది. అందుకని ఇక్కడ రాతిని మెత్తటి పిండిగా నూరి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో ఆక్సిజన్ పంపుతూ సుమారు 125 డిగ్రీల వేడి దగ్గర ఒత్తిడిలో ఉడికిస్తారు. ఆటోక్లేవులంటే ఒక రకంగా భారీ ప్రెషర్ కుక్కర్లు. యురేనియం కార్బొనేట్ రూపంలో నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లను వడగట్టి, కాస్టిక్ సోడా వేస్తే సోడియం డైయురేనేట్ అనే పసుపుపచ్చ పదార్థం అడుగుకు చేరుతుంది. అది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు వెళ్తుంది. రాతిలోని పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) కూడా అదే ఉడుకులో ఆక్సీకరణం చెంది సల్ఫేట్ అవుతుంది, సోడాతో కలిసి సోడియం సల్ఫేట్‌గా మారుతుంది.

యాసిడ్ మిల్లు వ్యర్థానికి సున్నం కలిపితే యురేనియం, ఇనుము, మాంగనీసు చాలావరకు గట్టిపడి అడుగున దిగిపోతాయి. రేడియం కోసం బేరియం క్లోరైడ్ వాడతారు. క్షార పద్ధతిలో ఆ వెసులుబాటు లేదు. పాండ్ నీటి పీహెచ్ ముందే 9 పైన ఉంటుంది. ఫిల్టర్ పిండిలో కడిగినా మిగిలిపోయిన యురేనియం కార్బొనేట్‌తో ముడిపడి నీళ్లలోనే ఉంటుంది. సున్నం వేసినంత మాత్రాన దిగదు. ఈ కార్బొనేట్ రూపాలకు రుణావేశం ఉంటుంది, కాల్షియం కూడా చేరితే అసలు ఆవేశమే ఉండదు. బంకమట్టి రేణువులపైనా రుణావేశమే. అందువల్ల మట్టి దాన్ని పట్టి ఆపలేదు. మామూలుగా లోహాలను మట్టి వడపోస్తుందని చెప్పే ధైర్యం ఇక్కడ పనికిరాదు. రేడియం, థోరియం సంగతి వేరు. అవి ఎక్కువగా పిండినే అంటిపెట్టుకుని ఉంటాయి, నీళ్లతో అంత సులభంగా కదలవు. కానీ యురేనియం తీసేశాక కూడా ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ పిండిలోనే మిగులుతుంది. రేడియం-226 సగం తగ్గడానికి 1,600 ఏళ్లు, దానికి మూలమైన థోరియం-230 సగం తగ్గడానికి సుమారు 75,000 ఏళ్లు పడుతుంది. నీళ్ల సమస్య, పిండి సమస్య వేర్వేరు కాలాల సమస్యలు. వాటిని కలిపి మాట్లాడితే రెండూ అర్థం కావు.

ఇప్పుడు ఊట సంగతి. పాండ్ అడుగు పొర షరతుల ప్రకారం ఉందా, లేదా అన్న వివాదం 2018 నుంచి నడుస్తోంది. దాని మంచిచెడ్డలు తేల్చాల్సింది కాలుష్య నియంత్రణ మండలి, కోర్టులు. పొర తేడా వస్తే ఎంత నీరు దిగుతుందో లెక్క మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు. బాగా దిమ్మిస చేసిన బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి) పొర గుండా నీరు సెకనుకు మీటరులో వందకోట్లవ వంతు వేగంతో దిగుతుందనుకుందాం. పొర మీద నీటి ఒత్తిడి పెద్దగా లేకపోతే ఎకరాకు రోజుకు 350 లీటర్లు కిందికి పోతాయి. అదే పొర సరిగా తొక్కించని నల్లమట్టి అయి, వంద రెట్లు వదులుగా ఉంటే ఎకరాకు రోజుకు 35,000 లీటర్లు. వంద ఎకరాల పాండ్ అయితే రోజుకు 35 లక్షల లీటర్లు. పైన నీరు నిలబడితే ఇంకా పెరుగుతుంది. అర మీటరు పొర మీద 5 మీటర్ల నీరుంటే పైన చెప్పిన అంకెలు రెండూ 11 రెట్లవుతాయి. అందుకే "లైనింగ్ వేశాం" అన్న మాట జవాబు కాదు. ఏ మట్టి, ఎంత మందం, ఎంత తేమ దగ్గర ఎన్నిసార్లు రోలర్ తిప్పారు, వేశాక అక్కడికక్కడ చేసిన పరీక్షలో నీరు దిగే వేగం ఎంత వచ్చింది, ప్లాస్టిక్ షీటు అతుకులను ఎలా పరీక్షించారు అన్న కాగితాలు కావాలి. షీటు చిరిగేది ఎక్కువగా అతుకుల దగ్గర, గట్టు వాలు మొదలయ్యే మూలల దగ్గర, పైన పోసిన మట్టిలో గులకరాళ్లున్న చోట. ఇంకో మాట. మొదట నీటికి పనికొచ్చిన బంకమట్టి సోడియం కార్బొనేట్ నీటికి ఎన్నేళ్లు అలాగే నిలుస్తుందో ఆ పాండ్ నీటితోనే పరీక్షించి చూడాలి. మంచినీటితో చేసిన పరీక్ష చాలదు.

దిగిన నీరు ఎటు పోతుంది? ఇక్కడి పొరలు సుమారు 15 డిగ్రీల వాలుతో ఈశాన్యం వైపు దిగుతాయి. నీరు రాతి గుండా ఒకే తీరున ఇంకదు. పొరకూ పొరకూ మధ్య సందుల్లో, పగుళ్లలో, సున్నపురాయి కరిగి ఏర్పడిన బొరియల్లో పోతుంది. పాండ్‌కు ఆనుకుని ఉన్న బోరు శుభ్రంగా ఉండి, కిలోమీటరు అవతలి బోరు చెడిపోవడం ఇలాంటి రాళ్లలో వింత కాదు. దగ్గరి బోరు బాగుందని పాండ్ కారడం లేదనలేం. దూరపు బోరు చెడింది కాబట్టి పాండే కారణమనీ వెంటనే అనలేం.

ఇక అసలు విషయం. పాండ్ నీళ్లు బోరుకు చేరుతుంటే ముందుగా కనిపించేది యురేనియం కాకపోవచ్చు. మట్టికీ రాయికీ అంటుకోకుండా నీటితో సమానంగా ముందుకు వచ్చేది సల్ఫేట్. సోడియం కొంచెం వెనక వస్తుంది, ఎందుకంటే దారిలోని బంకమట్టి సోడియాన్ని పట్టుకుని బదులుగా కాల్షియాన్ని వదులుతుంది. కాబట్టి మొదట్లో నీళ్లు కఠిన జలంగా మారినట్టు, వంటపాత్రల్లో తెల్లటి పెచ్చు పెరిగినట్టు కనిపించవచ్చు. ఆ తర్వాత సోడియం, బైకార్బొనేట్, యురేనియం పెరుగుతాయి. కాబట్టి ప్రతి బోరుకూ సల్ఫేట్, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, నైట్రేట్, బైకార్బొనేట్, పీహెచ్, విద్యుద్వాహకత కలిపి కొలవాలి. ఒక్కసారి కొలిచి వదిలేయకుండా ప్రతి నెలా కొలిచి గ్రాఫు గీయాలి. ఏ అంకె ముందు కదిలింది, ఏది తర్వాత కదిలింది అన్న వరసలోనే సగం జవాబు ఉంటుంది.

సల్ఫేట్ పెరిగితే చాలు పాండ్ అని తీర్మానించడం కూడా తప్పే. వేరుశనగకు ఊడలు దిగే దశలో రైతులు జిప్సం వేస్తారు. అది కాల్షియం సల్ఫేటే. వేంపల్లె రాతిలోని పైరైట్ సహజంగా కరిగినా సల్ఫేట్ వస్తుంది. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ వంటి ఎరువుల్లోనూ యురేనియం కొద్దిగా ఉంటుంది. వీటిని ఒకదాని నుంచి ఒకటి ఎలా విడదీయాలి? జిప్సం ప్రభావం వానలతో వచ్చి పోతుంది, ఆ పొలానికే పరిమితమవుతుంది. ఎరువుల నుంచి వచ్చినదైతే నైట్రేట్ తోడుగా ఉంటుంది. పాండ్ ఊట అయితే రుతువులతో సంబంధం లేకుండా నెలనెలా మెల్లగా పైకే పోతుంది. సోడియం, సల్ఫేట్ రెండూ పెరుగుతాయి, నైట్రేట్ కదలదు. ఇంకో మంచి గుర్తు మాలిబ్డినం. ఈ ఖనిజంతోపాటు మాలిబ్డినం ఉన్నట్టు భూగర్భ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. క్షార నీళ్లలో అది సులభంగా కరిగి నీటితో ప్రయాణిస్తుంది. జిప్సం నుంచి గానీ, డీఏపీ నుంచి గానీ అది చెప్పుకోదగ్గంత రాదు. ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ మోతాదు లోహాలను కొలిచే) యంత్రం ఉన్న ల్యాబుకు యురేనియం కోసం పంపిన అదే సీసాలో మాలిబ్డినం, సెలీనియం, ఆర్సెనిక్, వనేడియం కూడా చూడమని అడగాలి. అడగకపోతే చూడరు.

వీటన్నిటికన్నా గట్టి సాక్ష్యం యురేనియం ఐసోటోపుల, అంటే వేర్వేరు బరువులున్న యురేనియం పరమాణువుల నిష్పత్తి. సహజ భూగర్భజలంలో యురేనియం-234 కార్యశీలత (సెకనుకు విఘటనం చెందే పరమాణువుల లెక్క) యురేనియం-238 కన్నా సాధారణంగా ఎక్కువ. రాతిని మెల్లగా తాకుతూ పోయే నీళ్లలోకి 234 సులభంగా జారుకోవడమే దీనికి కారణం. మిల్లులో రాతిని పిండి చేసి మొత్తం యురేనియాన్ని ఒకేసారి కరిగిస్తారు కాబట్టి పాండ్ నీళ్లలో ఈ రెండూ దాదాపు సమానంగా, అంటే నిష్పత్తి 1 దగ్గర ఉంటుంది. బోరులో యురేనియం పెరుగుతూ, నిష్పత్తి 1 వైపు దిగుతూ ఉంటే అది సహజమని చెప్పడం కష్టం. యురేనియం ఎక్కువగా ఉన్నా నిష్పత్తి 1 కన్నా బాగా పైనే నిలకడగా ఉంటే పాండ్‌ను తప్పుపట్టడమూ కష్టమే. గనికి దూరంగా, వాలుకు ఎగువన ఉన్న పాత బావుల నిష్పత్తి తెలిస్తేనే ఈ పరీక్షకు బలం. భాభా అణు పరిశోధన కేంద్రం లాంటి సంస్థల్లో ఈ విశ్లేషణ మామూలుగా జరిగేదే. "ఇక్కడి యురేనియం సహజం" అని అధికారులు చెప్పదలిస్తే ఈ నిష్పత్తులను బయటపెట్టడమే దానికి సరైన పద్ధతి.

నమూనా తీయడంలో జరిగే తప్పుల వల్ల మంచి ల్యాబు ఇచ్చిన ఫలితం కూడా చెత్తబుట్ట పాలవుతుంది. వాడకంలో లేని ఆరున్నర అంగుళాల బోరులో అడుగు నీటికి సుమారు ఆరున్నర లీటర్లు ఉంటాయి. వంద అడుగుల నీటి మట్టం ఉంటే 650 లీటర్లు. దానికి మూడు రెట్లు, అంటే దాదాపు 2,000 లీటర్లు తోడి పారబోశాక వచ్చే నీరే రాతిలోని అసలు నీరు. అంతకుముందు వచ్చేది పైపులో నిలవ ఉన్నది. రోజూ నడిచే బోరైతే అరగంట ఆడించి, వరుసగా మూడు కొలతల్లో పీహెచ్, విద్యుద్వాహకత మారకుండా ఉన్నప్పుడు పట్టాలి. తొట్టి నుంచి, ట్యాంకు నుంచి, డ్రిప్ లైను చివర నుంచి పట్టకూడదు. ఎరువు ట్యాంకుకు ముందే, పంపు నోటి దగ్గరే పట్టాలి.

ప్రతి బోరు దగ్గరా రెండు ప్లాస్టిక్ సీసాలు నింపాలి. రెంటినీ అదే నీటితో మూడుసార్లు కడగాలి. మొదటి సీసాలోకి 0.45 మైక్రాన్ ఫిల్టరు గుండా వడగట్టిన నీరు పట్టి, పీహెచ్ 2 కన్నా తగ్గేలా స్వచ్ఛమైన నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి. యురేనియం, మాలిబ్డినం దీంట్లోంచి చూస్తారు. యాసిడ్ వేయకపోతే రెండు మూడు రోజుల్లో లోహాలు కొంత సీసా గోడకు అంటుకుని ఫలితం తక్కువ వస్తుంది. వడగట్టకుండా యాసిడ్ వేస్తే బురదలోని యురేనియం కూడా కరిగి ఎక్కువ వస్తుంది. ఈ రెండు తప్పులూ రెండు పక్షాలకూ అనుకూలంగా వాడుకోవచ్చు కాబట్టి నివేదికలో వడగట్టారా, యాసిడ్ వేశారా అన్నది రాసి ఉండాలి. రెండో సీసాలో యాసిడ్ వేయకూడదు. గాలి మిగలకుండా అంచుదాకా నింపి, మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు పంపాలి. బైకార్బొనేట్, సల్ఫేట్, క్లోరైడ్, నైట్రేట్ దీంట్లో చూస్తారు. పది నమూనాల్లో ఒకదాన్ని రెండుసార్లు పట్టి, రెండు వేర్వేరు పేర్లతో పంపితే ల్యాబు నిలకడ తెలిసిపోతుంది. నివేదిక చేతికొచ్చాక ధనావేశ, రుణావేశ అయాన్ల మొత్తాలను మిల్లీ ఈక్వివలెంట్లలో (అయాన్ల ఆవేశాన్ని బట్టి కట్టే యూనిట్లలో) కూడి చూడండి. తేడా 5 శాతం లోపు ఉంటే మంచిది. 10 శాతం దాటితే ఆ కాగితం వాపసు పంపాల్సిందే.

అంకెల యూనిట్ల గురించి పత్రికలకు కూడా ఒక విన్నపం. తాగునీటిలో యురేనియం పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. దీన్నే 0.03 మిల్లీగ్రాములనీ, 30 పీపీబీ అనీ రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇదే అంకె వాడుతున్నాయి. అణుశక్తి నియంత్రణ మండలి 2004లో పెట్టిన పరిమితి 60. "పరిమితి లోపే ఉంది" అని ఎవరైనా చెబితే ఏ పరిమితి అని విలేకరి అడగాలి. 45 వచ్చిన నీరు ఒక లెక్కలో సురక్షితం, ఇంకో లెక్కలో కాదు. తాగే నీళ్లలో యురేనియం వల్ల మొదట దెబ్బతినేది మూత్రపిండాలు. అది రేడియోధార్మికత కన్నా ఆ లోహానికున్న విషగుణం వల్ల. కాచితే యురేనియం పోదు, నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. క్లోరిన్‌తో, క్యాండిల్ ఫిల్టరుతో పోదు. ఆర్వో బాగా తగ్గిస్తుంది, అయితే ఆ ప్లాంటు నుంచి వదిలే నీళ్లలో అదే యురేనియం గాఢంగా చేరుతుంది. ఆ నీటిని పశువుల తొట్టెకూ, పెరటి మొక్కలకూ మళ్లించే అలవాటు ఊళ్లలో ఉంది. ఈ గ్రామాల్లో దాన్ని మానాలి. స్నానానికి, బట్టలుతకడానికి వాడితే యురేనియంతో ప్రమాదం లేనట్టే, చర్మం దాన్ని పెద్దగా పీల్చదు.

పంటల విషయంలో యురేనియం కన్నా ముందు దెబ్బకొట్టేది సోడియం. పులివెందుల ప్రాంతంలో అరటి, చీనీ తోటలు ఎక్కువ. బోరు నీళ్లలో కార్బొనేట్, బైకార్బొనేట్‌ల మొత్తం కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్ని దాటి లీటరుకు రెండున్నర మిల్లీ ఈక్వివలెంట్లు ఎక్కువైతే ఆ నీరు సాగుకు పనికిరాదని వ్యవసాయ శాస్త్రం చెప్పే లెక్క. 1.25 దాటినప్పటి నుంచే జాగ్రత్త పడాలి. అలాంటి నీరు పారితే మట్టి కారు చౌడుగా మారుతుంది. తడిస్తే బురద, ఆరితే రాయి. నీరు ఇంకదు, వేళ్లకు గాలి ఆడదు, అరటి ఆకు అంచులు మాడుతాయి. ల్యాబుకు పంపకముందే రైతు ఇంటి దగ్గర చూసుకునే పరీక్ష ఒకటుంది. పొలంలో నుంచి శనగగింజంత ఎండిన మట్టిపెళ్లను తీసుకుని, గాజు గ్లాసులో వాన నీళ్లు గానీ బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి మెల్లగా జారవిడవాలి. కదపకూడదు. పెళ్ల విడిపోయి పొడిగా కింద పడితే ఫరవాలేదు. దాని చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మి, గంటల తరబడి తేరుకోకపోతే మట్టిలో సోడియం పేరుకుందని అర్థం. ఆ గ్లాసులో చిటికెడు జిప్సం వేసి కలిపితే నీరు తేరుకుంటుంది. అప్పుడు పొలానికీ జిప్సం పనిచేస్తుంది. రాయలసీమలో చాలాచోట్ల సహజంగానే ఇలాంటి నీళ్లున్నాయి కాబట్టి ఇదీ పాండ్‌కు రుజువు కాదు. ఏ ఏడాది నుంచి మొదలైందో, ఏ బోరు కింద మొదలైందో రైతు రాసిపెట్టుకుంటే తర్వాత విలువైన సాక్ష్యమవుతుంది.

పరిశీలన బోర్ల విషయానికొస్తే, పొలం బోరునే పరిశీలన బోరుగా వాడటం పెద్ద లోపం. ఆ బోరులో పై నుంచి కిందిదాకా పగుళ్లన్నీ తెరిచి ఉంటాయి. ఒక్క పగులు నుంచి వచ్చే పాండ్ నీరు మిగతా నాలుగు పగుళ్ల మంచినీటితో కలిసి పలచబడి, నివేదికలో మామూలుగా కనిపిస్తుంది. ఒకేచోట మూడు లోతుల్లో మూడు సన్నటి బోర్లు వేసి, ప్రతిదానికీ ఒక్క పొర దగ్గరే జల్లెడ పైపు పెట్టి, పైన కింద బెంటొనైట్‌తో మూసేయాలి. పాండ్‌కు ఎగువన ఇలాంటి బోర్ల గుంపు ఒకటి, ఈశాన్యపు వాలు వెంట రెండు మూడు గుంపులు, పాత వంక దారిలో ఒక గుంపు కనీసం ఉండాలి.

గని తోడే నీటి లెక్క ఇంకో అంశం. వాలుదారుల వెంట గని లోతుకు పోయేకొద్దీ ఊరే నీటిని పంపులతో తోడి మిల్లుకు వాడతారు. తోడిన మేరకు చుట్టూ నీటిమట్టం గరాటులా దిగుతుంది. వేల రూపాయలు పోసి బోరు ఇంకో రెండు వందల అడుగులు దించుకునే రైతుకు అది వానలేమి వల్లా, గని వల్లా అని తెలిసే హక్కుంది. నెలనెలా గని ఎంత తోడింది, ఆ నెల చుట్టుపక్కల బోర్ల మట్టం ఎంత అన్నది పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

పాండ్ గట్టు, పైపులైను గురించి రెండు మాటలు. 1979 జులై 16న అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రపు చర్చ్ రాక్ దగ్గర టెయిలింగ్ గట్టు తెగి సుమారు 35 కోట్ల లీటర్ల ఆమ్లజలం, వెయ్యి టన్నులకు పైగా వ్యర్థపు పిండి ప్వెర్కో నదిలో కలిశాయి. దిగువన పశువులు కాసుకునే నవాహో ప్రజల నీళ్లవి. జాదుగూడ దగ్గర 2006 డిసెంబర్ 24న వ్యర్థాల పైపు పగిలి గంటల తరబడి వాగులోకి పారింది. పైపు రెండు చివర్లా ప్రవాహ మీటర్లు పెట్టి, తేడా వచ్చిన నిమిషంలో పంపు ఆగే ఏర్పాటు ఉంటే అంతసేపు పారదు. పల్లంలో ఉన్న ప్రతి చోటా పైపు కింద పట్టుగుంట ఉండాలి. గట్టు సంగతిలో మన జిల్లా 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కొట్టుకుపోవడం చూసింది. సగటు వానను బట్టి కట్టింది విపరీతపు వానకు నిలవదు. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు కురిస్తే వంద ఎకరాల పాండ్‌లో వాననీరే 4 కోట్ల లీటర్లు చేరుతుంది. గట్టు అంచుకూ నీటికీ మధ్య ఖాళీ ఎంత ఉంచారన్నది వానాకాలంలో వారం వారం ప్రకటించాల్సిన అంకె.

గని మూతపడ్డాక పంపులు ఆగుతాయి, నీళ్లు మళ్లీ నిండుతాయి. గాలి తగిలి ఆక్సీకరణం చెందిన ఖనిజమంతా ఆ మొదటి నిండుదలలో కరుగుతుంది. తూర్పు జర్మనీలో విస్ముత్ సంస్థ యురేనియం గనులు 1990లో ఆగాయి. రోన్నెబుర్గ్, కోనిగ్‌స్టైన్ దగ్గర నీటిశుద్ధి ప్లాంట్లు దశాబ్దాల తర్వాత కూడా నడుస్తూనే ఉన్నాయి. శుద్ధి పనులకు ప్రభుత్వం వందల కోట్ల యూరోలు పెట్టింది. ఆస్ట్రేలియాలో రేంజర్ గని వ్యర్థాలు 10,000 ఏళ్లపాటు పర్యావరణంలోకి రాకుండా ఉంచాలని షరతు. తుమ్మలపల్లె మూసివేత తర్వాత నీటిని ఎవరు, ఎంతకాలం, ఏ డబ్బుతో శుద్ధి చేస్తారన్నది గని నడుస్తుండగానే, లాభం వస్తుండగానే తేల్చి, ఆ సొమ్ము విడిగా జమ చేయించాలి. తర్వాత అడిగితే ఇచ్చేవాళ్లుండరు.

యురేనియం తవ్వకం ఇంకా మొదలుకాని చోట్ల కూడా నీటికి ప్రమాదం మొదలయ్యే దశ ఒకటుంది. అది అన్వేషణ బోర్లు. కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో 2024లో ఆ బోర్ల వార్త రాగానే జనం రోడ్డెక్కారు. నల్లమల విషయంలో తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తవ్వకం వద్దని తీర్మానం చేసింది. తవ్వాలా, వద్దా అన్నది ప్రజలు, ప్రభుత్వాలు తేల్చుకుంటాయి. ఇప్పటికే వేసిన బోర్ల పని మాత్రం వాయిదా వేయడానికి లేదు. ఖనిజపు పొరను దాటి దిగిన బోరును తెరిచి వదిలేస్తే పై నీళ్లకూ కింది నీళ్లకూ ఎన్నడూ లేని దారి ఏర్పడుతుంది. ఆక్సిజన్ ఉన్న పైనీరు ఖనిజాన్ని తాకి యురేనియాన్ని కరిగిస్తుంది. అలాంటి ప్రతి బోరునూ అడుగు నుంచి పైకి పైపు ద్వారా సిమెంటు గ్రౌటుతో (పలచగా కలిపిన సిమెంటు ముద్దతో) నింపాలి. పై నుంచి మట్టి, రాళ్లు పోసి మూత పెడితే చాలదు, మధ్యలో ఎక్కడో ఇరుక్కుని కింద ఖాళీ ఉండిపోతుంది. ఎన్ని బోర్లు వేశారు, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర, ఎంత లోతు, ఎన్ని బస్తాల సిమెంటు పట్టింది అన్న జాబితా హైదరాబాద్‌లోని అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రకటించవచ్చు. అందులో దేశ రహస్యమేమీ ఉండదు.

తుమ్మలపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, కనంపల్లె, కొట్టాల గ్రామాల ప్రతి పరిశీలన బోరు ఫలితాన్ని బోరు నంబరు, లోతు, తేదీ, నమూనా పట్టిన తీరుతో సహా నెలనెలా తెలుగులో పంచాయతీ బోర్డు మీద పెట్టమని జిల్లా కలెక్టరును కోరుతున్నాం. యురేనియంతో పాటు సల్ఫేట్, సోడియం, మాలిబ్డినం అంకెలు, ఏడాదికి రెండుసార్లు 234, 238 నిష్పత్తి అందులో ఉండాలి. పాండ్ నీటి అంకెలూ అదే పట్టికలో ఉండాలి, పోల్చడానికి. అవి అందితే మీ పత్రిక జిల్లా పేజీలో వాటిని అచ్చువేయమని మనవి.

ఇట్లు,
భూగర్భజలాలు, నీటి విశ్లేషణ రంగాల్లో పనిచేసిన కొందరం,
కడప